మాత్రలు మానకపోయినా, డీఎస్‌ఏ నెగటివ్ వచ్చినా కిడ్నీ రిజెక్షన్ ఎందుకు? ఎన్‌కే కణాల గురించి నాకు తెలిసింది

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండి. మీవారికి వాళ్లమ్మగారు కిడ్నీ ఇచ్చి మూడేళ్లయింది. ఒక్క పూట కూడా మాత్ర తప్పలేదు. అయినా క్రియాటినిన్ (కిడ్నీ పని తగ్గితే రక్తంలో పెరిగేది) పెరిగింది, డీఎస్‌ఏ (దాత అవయవానికి వ్యతిరేకంగా మన ఒంట్లో తయారయ్యే యాంటీబాడీ) పరీక్ష నెగటివ్ వచ్చింది, డాక్టరుగారు బయాప్సీ రాసి, రిజెక్షన్, అంటే మార్చిన కిడ్నీ మీద ఒళ్లే దాడి చేయడం, ‘ఎన్‌కే కణాల వల్ల కావచ్చు’ అన్నారు. మీ అత్తగారేమో తన కిడ్నీలోనే లోపం ఉందని అన్నం కూడా సరిగ్గా తినడం లేదన్నారు. ఆ మాట చదివాకే ఈ జవాబు రాయడానికి కూర్చున్నాను. మా అక్క కూడా అచ్చం ఇలాగే బాధపడింది.

అక్క నాకు 2017లో కిడ్నీ ఇచ్చింది. నాలుగేళ్ల పాటు 1.2 దగ్గరే ఉన్న క్రియాటినిన్ 2021లో 1.4 అయింది, రెండు నెలలకి 1.7. మొదట చూపించుకున్న చోట రిపోర్టు చేతిలోకి తీసుకుంటూనే ‘మాత్రలు మానేసి ఉంటావు’ అన్నారు. కాదని చెప్పినా వినలేదు. ఆ మాట నన్ను చాలా రోజులు బాధపెట్టింది. మా వంటింటి గోడకుండే క్యాలెండర్‌లో ప్రతి నెలా రక్తపరీక్ష తేదీ గడిలో పెన్సిల్‌తో క్రియాటినిన్, దాని కింద టాక్రో లెవెల్ (రిజెక్షన్ రాకుండా వేసుకునే టాక్రోలిమస్ మందు రక్తంలో ఎంతుందో) రాసుకునేవాణ్ణి. రక్తం ఇచ్చే రోజు పొద్దుటి మాత్ర చొక్కా జేబులో పెట్టుకుని వెళ్లి, రక్తం తీశాకే ల్యాబ్ బయట బెంచీ మీద కూర్చుని వేసుకునేవాణ్ణి. అలా అయితేనే లెవెల్ సరిగ్గా తెలుస్తుంది. ఆ క్యాలెండర్ కాగితాలే మడిచి పట్టుకుని ఇంకో నెఫ్రాలజిస్టు దగ్గరికి వెళ్లాను. ఆవిడ అన్నీ ఓపిగ్గా చూసి, ‘లెవెల్స్ బాగానే ఉన్నాయి, మీ తప్పేం లేదు. లోపల ఏం జరుగుతోందో చూద్దాం’ అన్నారు.

బయాప్సీకి టెన్షన్ పడకండి. మార్చిన కిడ్నీ పొట్ట కింద ముందువైపే ఉంటుంది కాబట్టి వెల్లకిలా పడుకోబెడతారు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, స్కాన్‌లో చూస్తూ సూది దింపుతారు. స్టేప్లర్ నొక్కినట్టు టక్‌మని చప్పుడొస్తుంది. బయటికొచ్చేది సన్న సేమియా పోగంత ముక్క. తర్వాత కొన్ని గంటలు కదలకుండా పడుకోవాలి, మూత్రంలో రక్తం వస్తోందేమో చూస్తారు. అంతే.

నా బయాప్సీ రిపోర్టులో కిడ్నీలోని అతి సన్న రక్తనాళాల్లో తెల్లకణాలు చేరి ఇన్‌ఫ్లమేషన్ ఉందని వచ్చింది. డీఎస్‌ఏ నెగటివ్. యాంటీబాడీలు పని చేసిన చోట మరకలా కనిపించే సీ4డీ కూడా నెగటివ్. యాంటీబాడీ లేనప్పుడు దాడి చేస్తున్నది ఎవరన్నదే ప్రశ్న. అప్పుడే మొదటిసారి ఎన్‌కే కణాల పేరు విన్నాను.

ఎన్‌కే అంటే నేచురల్ కిల్లర్. వీటిని 1975లో గుర్తించారు. రక్తంలోని లింఫోసైట్లలో (తెల్లకణాల్లో ఒక రకం) సుమారు 5 నుంచి 15 శాతం ఇవే. రోగనిరోధకశక్తిలోనే ఇంకో రకమైన టీ కణాలకైతే శత్రువును గుర్తుపట్టి, సంఖ్య పెంచుకుని, దాడికి దిగడానికి రోజులు పడుతుంది. టాక్రోలిమస్ ఆపేది ముఖ్యంగా ఆ తయారీనే. ఎన్‌కే కణాలకు ఆ తయారీతో పని లేదు. ఎదుటి కణానికి కన్నం చేసే పెర్ఫోరిన్, దాన్ని లోపల్నుంచి చంపే గ్రాంజైమ్ ముందే సిద్ధంగా పెట్టుకుని తిరుగుతుంటాయి. అందుకే టాక్రో లెవెల్ సరిగ్గా ఉన్నంత మాత్రాన ఇవి పూర్తిగా ఊరుకోవు.

మరి ఎవరిని చంపాలో వాటికెలా తెలుస్తుంది? అక్కకి నేను చెప్పిన పద్ధతిలోనే చెబుతాను. తను రోజూ తెల్లారకుండానే లేచి ముగ్గేసే మనిషి. మన ఊళ్లలో ఒకరింటి ముందు ముగ్గు కనిపించకపోతే ‘అయ్యో, ఏమైందో’ అని చూసినవాళ్లు ఆగుతారు కదా. ఎన్‌కే కణాలు చూసేదీ అదే. మన కణాల్లో దాదాపు అన్నిటి పైనా హెచ్ఎల్ఏ అనే గుర్తులుంటాయి. వైరస్ సోకిన కణం, క్యాన్సర్ కణం టీ కణాల కంట పడకుండా ఆ గుర్తును దాచేస్తాయి. ముగ్గు లేని ఆ వాకిలి చూసి ఎన్‌కే కణం దాడి చేస్తుంది. దీన్ని ‘మిస్సింగ్ సెల్ఫ్’ అంటారు, స్వీడన్ శాస్త్రవేత్త క్లాస్ కారె 1980లలో చెప్పిన సిద్ధాంతం ఇది. టీ కణం కొత్త ముగ్గు చూసి గొడవ పడుతుంది, ఎన్‌కే కణం అలవాటైన ముగ్గు లేదని గొడవ పడుతుంది.

నా విషయంలో డాక్టరుగారు మా ఇద్దరి హెచ్ఎల్ఏ కాగితాలు పక్కపక్కన పెట్టి ‘సీ’ వరుస దగ్గర పెన్నుతో గుండ్రం చుట్టారు. ఎన్‌కే కణాల మీదుండే కిర్ అనే గ్రాహకాలు హెచ్ఎల్ఏ-సీని రెండు రకాలుగా చూస్తాయట. నాలో రెండు రకాలూ ఉన్నాయి, అక్కలో ఒక్కటే. రెండో రకం కోసం చూసే నా ఎన్‌కే కణాలకి అక్క కిడ్నీ రక్తనాళాల్లో అది దొరకదు. ఆపే గుర్తు లేదు కాబట్టి అవి రెచ్చిపోవచ్చు. ‘కావచ్చు అనే అంటున్నాను, ఇలాంటి తేడా ఉండి కూడా కిడ్నీ హాయిగా పనిచేసేవాళ్లు చాలామంది ఉన్నారు’ అని కూడా ఆవిడే చెప్పారు. కిర్ పరీక్ష మామూలుగా చేయించరు. తల్లీకొడుకులు హెచ్ఎల్ఏలో సగమే కలుస్తారు కాబట్టి మీవారి విషయంలోనూ ఇలాంటి తేడాకి అవకాశం ఉంది.

ఇదేదో ఊహ కాదు. ఫ్రాన్స్‌లోని లియోన్ పరిశోధకులు 2019లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో, యాంటీబాడీలు లేకుండానే ఇలా ఎన్‌కే కణాలు మార్చిన అవయవం రక్తనాళాలను దెబ్బతీయగలవని చూపించారు. బయాప్సీలు ఎలా చదవాలో నిర్ణయించే బాన్ఫ్ నిపుణులు కూడా 2022 సమావేశం తర్వాత, డీఎస్‌ఏ, సీ4డీ రెండూ నెగటివ్‌గా ఉండి సన్న నాళాల్లో ఇన్‌ఫ్లమేషన్ ఉన్న కేసులకి విడిగా ఒక వర్గం పెట్టారు. నా రిపోర్టు వచ్చినప్పుడు ఆ పేరు లేదు. ఉండి ఉంటే ‘మాత్రలు మానేశావు’ అనే మాట పడేవాణ్ణి కాదేమో.

ఎన్‌కే కణాలకి ఇంకో దారి కూడా ఉంది. డీఎస్‌ఏ పాజిటివ్ అయితే ఆ యాంటీబాడీలు కిడ్నీ కణాలకి అంటుకుంటాయి, ఎన్‌కే కణం తన మీదున్న సీడీ16తో ఆ యాంటీబాడీని పట్టుకుని కణాన్ని చంపుతుంది. ఈ దారిలో వచ్చే రిజెక్షన్ మీద వియన్నా డాక్టర్లు ఫెల్జార్టమాబ్ అనే మందు పరీక్షించారు. అది ఎన్‌కే కణాల మీద, యాంటీబాడీలు తయారుచేసే కణాల మీద ఉండే సీడీ38ని గురిచూస్తుంది. 22 మందితో చేసిన ఆ ట్రయల్ ఫలితాలు 2024లో వచ్చాయి. 24 వారాల తర్వాత బయాప్సీ చేస్తే, మందు తీసుకున్న 11 మందిలో 9 మందికి రిజెక్షన్ లక్షణాలు పోయాయి, ఉత్తుత్తి మందు తీసుకున్న 10 మందిలో ఇద్దరికే పోయాయి. చిన్న ట్రయలే, కానీ చదివిన రోజు నాకు చాలా ధైర్యం వచ్చింది.

‘అయితే ఎన్‌కే కణాలన్నిటినీ తీసేయించుకుంటే పోలా’ అని నేనూ అడిగాను. కుదరదు. రోగనిరోధకశక్తి తగ్గించుకుని బతికే మనల్ని సీఎంవీ లాంటి వైరస్‌ల నుంచి కాపాడేవాటిలో ఇవి ముఖ్యం. ఎముక మజ్జ మార్పిడిలోనైతే దాత ఎన్‌కే కణాలు మిగిలిన లుకేమియా కణాలను చంపి మేలు చేస్తాయని ఇటలీలోని పెరూజియా బృందం 2002లోనే చూపించింది.

నాకు కొన్ని మోతాదులు మార్చారు, బీపీ కచ్చితంగా అదుపులో ఉంచమన్నారు. ఏం మార్చారో ఇక్కడ రాయను, నాకు సరిపడింది మీవారికి సరిపడాలని లేదు. ఇప్పుడు 1.6 దగ్గర నిలబడింది. మీరు మాత్రం బయాప్సీ వాయిదా వేయొద్దు. వెళ్లేటప్పుడు తల్లీకొడుకులిద్దరి హెచ్ఎల్ఏ కాగితాలు, పాత టాక్రో లెవెల్స్ అన్నీ తీసుకెళ్లండి. రిపోర్టు వచ్చేదాకా మాత్ర ఒక్కటి కూడా మీ అంతట మీరు తగ్గించొద్దు, పెంచొద్దు.

ఇక మీ అత్తగారి సంగతి. ముగ్గు మాట చెప్పాక మా అక్క కాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘అయితే నా ముగ్గు బాగానే ఉందన్నమాట, నీ వాళ్లు వెతికే చుక్క అందులో లేదు, అంతేగా’ అంది. అంతేనక్కా అన్నాను. ఆ రాత్రి కడుపునిండా తింది. ఆవిడ కిడ్నీలో లోపం ఉంటే మూడేళ్లు అంత బాగా పనిచేసేదే కాదని మీ అత్తగారికి నా మాటగా చెప్పండి. వీలైతే ఇదంతా చదివి వినిపించండి.