ఛార్జింగ్ ఎక్కని నింటెండో స్విచ్: బోర్డు మార్పించే ముందు

ప్రశ్న: మా అబ్బాయి వీడియో గేమ్ పరికరం నింటెండో స్విచ్‌కి ఛార్జింగ్ సరిగ్గా ఎక్కడం లేదు. కేబుల్ తిరగేసి పెడితే ఎక్కుతోంది. షాపులో చూపిస్తే బోర్డు పోయిందన్నారు. నిజమేనా? – ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: తొందరపడి బోర్డు మార్పించకండి. తిరగేస్తే ఎక్కుతోందంటే లోపం చాలావరకు సాకెట్‌లోనే ఉంటుంది. యూఎస్‌బీ-సీ సాకెట్ మధ్యలో సన్నని నాలుక, దాని పైన 12, కింద 12 పిన్నులు ఉంటాయి. ఎన్ని వోల్టులు కావాలో ఛార్జర్‌కు చెప్పే సీసీ పిన్ను ఒక్కో వైపు ఒక్కటే. అది విరిగిన వైపు ఛార్జింగ్ ఎక్కదు, రెండో వైపు మామూలుగా ఎక్కుతుంది.

ముందు గేమ్ పరికరాన్ని ఆఫ్ చేసి, సాకెట్‌లోకి టార్చి వేసి చూడండి. నాలుక వంగకుండా, పిన్నులన్నీ వరసగా ఉంటే అడుగున నూలుపోగులు గట్టిపడి కేబుల్ పూర్తిగా దిగడం లేదేమో. పళ్లపుల్లతో మెల్లగా లాగి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. గుండుసూది మాత్రం పెట్టకండి, బాగున్న పిన్నులు కూడా లేచిపోతాయి.

తర్వాత ఒరిజినల్ అడాప్టర్‌కు, స్విచ్‌కు మధ్య వోల్టులు, ఆంపియర్లు చూపే యూఎస్‌బీ-సీ మీటరు పెట్టించండి. ఆ అడాప్టర్ 5 వోల్టుల దగ్గర 1.5 ఆంపియర్లు, 15 దగ్గర 2.6 ఇస్తుంది. ఒకవైపు 15కి ఎక్కి, రెండోవైపు ఎక్కకపోతే సాకెట్ మారిస్తే చాలు. రెండువైపులా 5 వోల్టుల దగ్గరే ఆగి 0.4 ఆంపియర్లు దాటకపోతే ఎం92టీ36 అనే పవర్ చిప్‌ను అనుమానించాలి. దాన్నీ విడిగా మార్చవచ్చు.

ప్రశ్న: సెల్ రిపేరు షాపు నడుపుతున్నాను. స్విచ్ సాకెట్ మార్చాక ఛార్జింగ్ ఎక్కుతోంది గానీ, డాక్‌లో (టీవీకి కలిపే స్టాండు) పెడితే టీవీలో బొమ్మ రావడం లేదు. – ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: కరెంటుకు నాలుగు పిన్నులు కలిసి పనిచేస్తాయి కాబట్టి ఛార్జింగ్ ఎక్కినంత మాత్రాన అన్నీ అతుక్కున్నట్టు కాదు. బొమ్మకు వేరే పిన్నులు కావాలి. వెనక వరస కంటికి కనిపిస్తుంది, రెండో వరస రేకు కింద దాక్కుంటుంది. తప్పు సాధారణంగా అక్కడే.

బ్యాటరీ కనెక్టర్ తీసి, సాకెట్‌లో బ్రేకవుట్ బోర్డు (పిన్నులను విడివిడిగా బయటికి తెచ్చే చిన్న బోర్డు) పెట్టి మల్టీమీటర్ డయోడ్ మోడ్‌లో రెండువైపులా సమాన పిన్నులను పోల్చండి. ఒక్కదానికే రీడింగ్ రాకపోతే అది అతుక్కోలేదు, సున్నా వస్తే గ్రౌండ్‌తో కలిసింది. అతుక్కోకపోతే ఫ్లక్స్ పెట్టి మళ్లీ వేడి చేయండి. ప్యాడ్ లేచిపోయి ఉంటే సన్న జంపర్ వైరే దారి. పిన్నులన్నీ బాగుండీ బొమ్మ రాకపోతే బొమ్మ సిగ్నల్‌ను మళ్లించే పీఐ3యూఎస్‌బీ చిప్ (షాపుల్లో పీ13యూఎస్‌బీ అంటారు) చూడాలి.

సాకెట్ మళ్లీ తీయాల్సి వస్తే చుట్టూ ప్లాస్టిక్ కనెక్టర్లకు వేడిని తట్టుకునే క్యాప్టాన్ టేపు వేయండి. సాకెట్‌ను బోర్డుకు పట్టి ఉంచే లంగరు కాళ్లు గ్రౌండ్‌లోకి వేడిని లాగేస్తాయి. అవి పూర్తిగా కరగకముందే లాగితే ప్యాడ్లు ఊడొస్తాయి. అందుకే ముందు 138 డిగ్రీలకే కరిగే బిస్మత్ లెడ్డు (సోల్డర్) కలపాలి. తీశాక మాత్రం దాన్ని విక్‌తో (లెడ్డును పీల్చే రాగి అల్లిక) పూర్తిగా తుడిచి 63/37 (తగరం, సీసం) లెడ్డు పెట్టండి. బిస్మత్ పెళుసు, రోజూ కేబుల్ గుచ్చే చోట పగులుతుంది. కొత్త సాకెట్ పెట్టాక వీబస్‌కు (కరెంటు వచ్చే పిన్నులు), గ్రౌండ్‌కు మధ్య మల్టీమీటర్ బీప్ రాలేదని చూశాకే బ్యాటరీ తగిలించండి.