సూర్యారావుపేటలో బోర్డు పెట్టబోతున్న మా అమ్మాయికి

బ్రాడీపేట, గుంటూరు

చి. బుజ్జికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు విజయవాడలో సొంతంగా పిల్లల క్లినిక్కు పెడుతున్నావని, శ్రావణమాసంలో ప్రారంభమని మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. సూర్యారావుపేటలో అడుగడుగునా ఒక డాక్టరు బోర్డు వేలాడుతూ ఉంటుంది. వాటి మధ్య మన ఇంటి ఆడపిల్ల పేరు కూడా కనబడబోతున్నదంటే నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. కానీ రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చి తెల్లవారేదాకా మళ్ళీ కన్ను మూతపడకపోవడానికి కారణం ఆ గర్వం కాదు. ఆ కారణమేమిటో ఫోనులో చెప్పలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

అద్దె కాగితాలూ, రిజిస్ట్రేషనూ మీ నాన్న చూసుకుంటారు. టీకాల ఫ్రిజ్జుకు ఇన్వర్టరు పెట్టించు. పసిపిల్లలను తూచే యంత్రం మాత్రం మంచిది కొను, అక్కడ పొదుపు పనికిరాదు. ఎందుకో తరువాత చెబుతాను. ఇక నేను చెప్పదలచుకున్నదల్లా ఒకటే: పాలిచ్చే తల్లి బిడ్డను ఎత్తుకుని నీ గదిలోకి వచ్చి, "పాలు చాలడం లేదమ్మా" అన్నప్పుడు నువ్వేం చేస్తావు?

కోప్పడకు. ఆ ప్రశ్న నాకు ఊరికే రాలేదు. మొన్న సంక్రాంతికి మన వసారాలో అందరం కూర్చుని ఉండగా, మీ మేనత్త కోడలు నీకు ఫోను చేసింది. పురుడై నెల దాటిందనీ, గొంతునొప్పి, జ్వరం వస్తే డాక్టరుగారు అమాక్సిసిలిన్, పారాసిటమాల్ రాశారనీ, బిడ్డకు పాలివ్వవచ్చునా అనీ అడిగింది. నువ్వు అరిసె తుంచుకుంటూనే, "మాత్రలు వాడే ఐదు రోజులూ ఆపెయ్యి, డబ్బాపాలు పట్టు, ఏం కాదు" అన్నావు. ఆ రెండు మందులూ పాలిచ్చే తల్లి నిశ్చింతగా వాడదగినవి. తల్లి పాలు ఆపవలసిన మందులు లేకపోలేదు, క్యాన్సరు మందులూ, థైరాయిడు వైద్యానికి ఇచ్చే రేడియో అయోడినూ అటువంటివి. కానీ అవి వేళ్ళ మీద లెక్కపెట్టదగినన్ని. నలుగురిలో అంటే నీకు చిన్నతనంగా ఉంటుందని ఊరుకుని, మరునాడు ఆ పిల్లకు నేనే ఫోను చేసి పాలివ్వమని చెప్పాను. నీతో చెప్పలేదు. అది నా తప్పు, ఇప్పుడు చెబుతున్నాను.

నిన్ను ఒక్కదాన్నే అని ఏం లాభం? నేను గుంటూరు మెడికల్ కాలేజీలో చదివిన రోజుల్లో తల్లిపాలలో మాంసకృత్తులెన్ని, ఆవుపాలలో ఎన్ని అన్నది మాకు కంఠస్థం; బిడ్డ రొమ్మును సరిగా అందుకున్నదా లేదా అన్నది ఎలా చూడాలో మాత్రం ఒక్క మాస్టారూ చూపించలేదు. నాకు ఆ విద్య నేర్పింది ఆ తరువాత చాలా ఏళ్ళకు, కాన్పుల వార్డులో పని చేసే ఒక ఆయా. ఆమెకు చదవడం రాదు. కానీ పక్క మంచం మీది నుంచి బిడ్డ గుటక వేసే చప్పుడు విని, "ఇది తాగడం లేదమ్మా, ఊరికే చప్పరిస్తోంది" అని చెప్పగలిగేది.

ఆ విద్య రాకముందు నేను చేసిన పని ఒకటుంది. మీ అమ్మకు కూడా తెలియదు.

అది 1985వ సంవత్సరం. కొత్తపేటలో చిన్న గది అద్దెకు తీసుకుని ప్రాక్టీసు పెట్టి రెండేళ్ళయింది. సాయంత్రం వేళ బయట బల్లల మీద నలభై మంది ఉండగా, ఇరవై ఏళ్ళయినా నిండని ఒక పిల్ల తొమ్మిది రోజుల బిడ్డతో వచ్చింది, వెంట అత్తగారు. భర్త హమాలీ, ఈ పిల్ల కాన్పు ముందుదాకా మిరపకాయలకు తొడిమలు తీసే కూలికి వెళ్ళేది. బిడ్డ రాత్రంతా ఏడుస్తున్నదని, పాలు లేవని అత్తగారే చెప్పింది. పిల్ల తల వంచుకుని నిలబడింది. నేను బిడ్డ పొట్ట నొక్కి చూశాను, గుండె విన్నాను, కనురెప్ప ఎత్తి చూశాను. తూచలేదు. రోజుకు ఎన్నిసార్లు ఉచ్చ పోస్తున్నదని అడగలేదు. పాలు పట్టి చూపించమని అసలే అడగలేదు, ఎందుకంటే నా గదిలో తల్లి కూర్చోవడానికి చోటు కూడా లేదు. ఉన్న ఒక్క కుర్చీ నాది. సొరుగులో ఆ వారమే ఒక పాలపొడి కంపెనీ ప్రతినిధి, అదే రెప్, ఇచ్చి వెళ్ళిన నమూనా డబ్బా ఉంది. దాన్ని తీసి ఆ పిల్ల చేతిలో పెట్టి, చీటీ మీద ఆ డబ్బా పేరు రాసి, "ఇది కూడా పట్టమ్మా, బిడ్డకు బలం" అన్నాను. అంతా కలిపి నాలుగు నిమిషాలు పట్టి ఉండదు. ఫీజు కూడా తీసుకోలేదు. బీదవాళ్ళకు మేలు చేశానని ఆ పూట నాకు సంతోషంగా ఉంది.

రెండు నెలల తరువాత అదే పిల్ల మళ్ళీ వచ్చింది. బిడ్డ కళ్ళు లోతుకు పోయి, చర్మం పట్టి వదిలితే ముడత అలాగే నిలిచిపోయి, నీళ్ళ విరేచనాలతో వేలాడిపోతున్నది. పుట్టినప్పటికంటే ఎంతో పెరగలేదు. ఏం పడుతున్నారని అడిగితే, కొంగు ముడి విప్పి, మడతల దగ్గర చినిగిపోయిన నా చీటీ తీసి చూపించి, "మీరు రాసిందే పడుతున్నానమ్మా, ఒక్క పూట కూడా మానలేదు" అన్నది. ఆ వయసు బిడ్డకు అర కిలో డబ్బా నాలుగైదు రోజులకు మించి రాదు. వాళ్ళు దాన్ని రెండు వారాలు నడుపుతున్నారు. ఎంత పొడికి ఎన్ని నీళ్ళో డబ్బా మీద ఇంగ్లీషులో రాసి ఉంది, ఆ ఇంట్లో తెలుగే చదివేవాళ్ళు లేరు. సీసాను కుండలో నీళ్ళతోనే కడిగేవాళ్ళు. సీసా పీకకు అలవాటుపడిన బిడ్డ రొమ్మును నెట్టేసింది, బిడ్డ చీకకపోయేసరికి మూడు వారాల్లో పాలు ఇంకిపోయాయి. అంటే, లేవని ఆ రోజు చెప్పిన పాలు ఉన్నాయన్న మాట. లేకుండా చేసింది నేను.

బిడ్డను పెద్దాసుపత్రిలో చేర్పించి ఎనిమిది రోజులు వెంట తిరిగాను. బతికింది. గేదెపాల మీద ఇంటికి పంపించాం. ఎండిన పాలను మళ్ళీ రప్పించవచ్చునని, బిడ్డను రొమ్ముకు ఆనించి చనుమొన మీదుగా ఉగ్గుగిన్నెతో చుక్కలు చుక్కలుగా పాలు జార్చుతూ చీకించితే చాలామందికి వారాల్లోనే పాలు తిరిగి వస్తాయని నాకు అప్పటికి తెలియదు. తెలిసేనాటికి ఆ కుటుంబం ఎటు వెళ్ళిందో తెలియలేదు. నన్ను ఇప్పటికీ కలచివేసేదేమిటంటే, ఆ పిల్ల ఒక్కమాట కూడా నన్ను అనలేదు. డాక్టరమ్మ రాసిన చీటీ కనుక కొంగున కట్టుకుని దాచుకున్నది.

అందుకే చెబుతున్నాను, కలం తీసే ముందు ఒక పూట పాలు పట్టడం మొదటినుంచి చివరిదాకా చూడు. పదిహేను, ఇరవై నిమిషాలు పడుతుంది. బయట జనం సణుగుతారు, సణగనీ. బిడ్డ నోరు బాగా తెరిచిందా, గడ్డం రొమ్ముకు ఆనిందా, కింది పెదవి బయటికి మడిచి ఉందా, చనుమొన చుట్టూ ఉన్న నల్లని భాగం నోటికి పైన ఎక్కువగానూ కింద తక్కువగానూ కనబడుతున్నదా, గుటక వినబడుతున్నదా, ఇవి చూస్తే సగం "పాలు చాలడం లేదు"లు అక్కడే తీరిపోతాయి. చనుమొన లోపలికి ఉన్న తల్లికి సిరంజి కొన కోసి, పిస్టన్‌ను కోసిన వైపు నుంచి ఎక్కించి, మెల్లగా లాగే పద్ధతి నేర్పు. దానికి ఖర్చు లేదు. పాలు గడ్డకట్టి, రొమ్ము ఎర్రబడి జ్వరం వచ్చిన తల్లికి కూడా పాలివ్వడం ఆపమనకు, బిడ్డ పాలు తాగుతూ ఉండటం కూడా ఆమె వైద్యంలో భాగమే. మొదటి వారం పచ్చకామెర్లనగానే తల్లిపాలు మానిపించే అలవాటు మన ఊళ్ళలో ఇంకా పోలేదు. ఎక్కువగా పట్టవలసిన సమయం అదే.

ఏడుపును చూసి పాల లెక్క కట్టవద్దు. మొదటి రోజున బిడ్డకు ఒకసారికి కావలసిన ముర్రుపాలు చెంచాడు మాత్రమే. పాలు నిండుగా పడటానికి రెండు నుంచి నాలుగు రోజులు పడుతుంది, ఈలోగా బిడ్డ కొంత బరువు తగ్గడం సహజం. పదో రోజుకో రెండు వారాలకో పుట్టిన బరువుకు చేరి, ఐదో రోజు దాటాక రోజుకు ఆరుసార్లకు తక్కువ కాకుండా ఉచ్చ పోస్తూ ఉంటే పాలు చాలుతున్నట్టే. తూకం యంత్రం మంచిది కొనమన్నది అందుకే: అత్తగారితో నువ్వు వాదించనక్కరలేదు, అంకె చూపించు. బాలింతకు మంచినీళ్ళు ఇస్తే బిడ్డకు జలుబు చేస్తుందనే ఇల్లు వస్తే మాత్రం కాస్త గట్టిగానే వాదించు.

అలాగని మొండిపట్టు కూడా వద్దు. పుట్టిన బరువులో పదో వంతు పోయిన బిడ్డను, రోహిణి కార్తె ఎండల్లో జ్వరంతో మగతగా వచ్చిన బిడ్డను చూసి "తల్లిపాలే పట్టండి" అని పంపేస్తే అదీ నా తప్పువంటిదే. ఒంట్లో నీళ్ళు తగ్గి రక్తంలో సోడియం పెరిగిందేమో చూడు, పిండిన పాలు గిన్నె చెంచాతో పట్టించు, అవి చాలకపోతే డబ్బా తెరువు. కాన్పులో విపరీతంగా రక్తం పోయిన తల్లికి ఒక్కొక్కప్పుడు పాలు అసలే పడవు. అటువంటి తల్లిని నిందించకుండా, డబ్బాపాలు నీ చేత్తో కలిపి చూపించి, కాచిన నీళ్ళతో, కొలతచెంచాతో ఆమె చేత కూడా కలిపించి చూడు. ఏ రోజున ఆపాలో, ఎప్పుడు మళ్ళీ తూకానికి రావాలో చీటీ మీదే రాయి. నేను రాయని మాటలు అవే.

రెప్‌లు ఇప్పుడు డబ్బాలు పట్టుకుని రారులే అంటావు. పిల్లల పాలపొడి డబ్బాల ప్రచారాన్ని అరికట్టడానికి 1992లో చట్టం వచ్చింది, 1993 ఆగస్టు నుంచి అమలైంది, 2003లో సవరించి రెండేళ్ళలోపు పిల్లల ఆహారాలకూ వర్తింపజేశారు. ప్రకటనలు, ఉచిత నమూనాలు, డాక్టర్లకు కానుకలు, సదస్సులకు సొమ్ము, అన్నీ నిషేధమే. కానీ నా భయం నాది. కొత్త క్లినిక్కు ప్రారంభానికి గోడ గడియారం, క్యాలెండరు, పెన్‌స్టాండు అంటూ ఎవరైనా నవ్వుతూ వస్తారు. మొహమాటపడకు. గడియారం నేను కొనిస్తాను.

ఇంకొక పని: దగ్గరలోని కాన్పుల డాక్టర్లతో స్నేహం చేసుకో. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో వంద కాన్పుల్లో 42 సిజేరియన్లే. నడుము దగ్గర మత్తు ఇచ్చిన తల్లి మెలకువగానే ఉంటుంది కనుక, బిడ్డను గంటలోపు ఆమె గుండెల మీద పడుకోబెట్టవచ్చు. ఆ గంటలో బిడ్డ నర్సరీ గదిలో చక్కెర నీళ్ళు తాగుతూ ఉంటే తరువాత నీ దగ్గరికి వచ్చేవి అవే కేసులు.

నువ్వు కూడా అటువంటి కేసువే. 1994 మే నెలాఖరులో ఆపరేషనుతో పుట్టావు. కోసిన తల్లికి మూడు రోజులదాకా పాలు రావని అక్కడి డాక్టరుగారు తేల్చి చెప్పి డబ్బా తెప్పించమన్నారు. మీ నాయనమ్మ గాడిదపాలు అమ్మే మనిషికి కబురు కూడా పెట్టింది. మీ అమ్మ గోడవైపు తిరిగి ఏడుస్తూ పడుకుంది. నేను గుంటూరు నుంచి చివరి బస్సులో వచ్చి, మూడు రాత్రులు ఆమె పక్కన కూర్చుని, కుట్లకు తగలకుండా నిన్ను పక్కవాటుగా పట్టుకుని గంటన్నరకొకసారి రొమ్ముకు అందించాను. రాత్రిపూట చీకిస్తేనే పాలు త్వరగా పడతాయని అప్పటికి నాకు తెలుసు. మూడో రాత్రి నువ్వు ఏడ్చేసరికి మీ అమ్మకు పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసిపోయింది; ఏడుస్తూనే నవ్వింది. నువ్వు తాగి తాగి నోరు తెరుచుకుని నిద్రపోయావు, గడ్డం మీద పాలచుక్క ఆరిపోయింది. కొత్తపేట పిల్లకు ఇవ్వలేకపోయిన ఆ కూర్చోవడం నీకు ఇచ్చాను, అంతే.

నా గదిలో తరువాత చేయించి పెట్టుకున్న పొట్టి టేకు కుర్చీ నీకు గుర్తుండే ఉంటుంది, చిన్నప్పుడు దాని కింద దాక్కునేదానివి. తల్లి పాదాలు నేలకు ఆనేటట్టు, వీపు వాలేటట్టు వడ్రంగి చేత కొలిచి చేయించాను. ఆదివారం నాడు సామాన్ల ఆటోలో పంపిస్తున్నాను. తెర కట్టిన మూలలో, నీ బల్ల మీదినుంచి కనబడేటట్టు వేయించు. కుర్చీ కుడి చెయ్యి కాస్త ఊగుతున్నది, ప్రారంభానికి ముందే బిగింపించు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ