అక్వేరియం వెనక వరసలో ఎర్ర మొక్కలు: రంగు ఎందుకు పోతుంది, ఎలా నిలుస్తుంది

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: రెండడుగుల ట్యాంకు, మామూలు ఎల్‌ఈడీ లైటు, సీవోటూ (మొక్కల కోసం నీళ్లలోకి పంపే కార్బన్ డయాక్సైడ్ గ్యాస్) లేదు. వెనక వైపు రోటాలా, లుడ్విజియా, ఆల్టర్నాంథెరా నాటారు. తెచ్చినప్పుడు ఎర్రగా ఉన్నవి నెల తిరక్కుండానే ఆకుపచ్చగా మారాయి. కింది ఆకులు రాలి కాడలు బోసిపోయాయి. ఐరన్ మందు వేస్తున్నా మార్పు లేదు. రంగు రావాలంటే ఏం చేయాలి, ఉన్న మొక్కల్ని పీకేయాలా అని అడిగారు.

ముందుగా, కింది ఆకులు రాలడం గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. అక్వేరియం మొక్కల్ని చాలా నర్సరీల్లో నీళ్ల పైనే పెంచుతారు. వేళ్లు తడిలో ఉంటాయి, ఆకులు గాలిలో ఉంటాయి. అలా అయితే త్వరగా పెరుగుతాయి, నాచు పట్టదు. కానీ గాలిలో పుట్టిన ఆకు నీళ్లలో సరిగా పని చేయదు. మొక్క దాన్ని వదిలేసి నీళ్లకు తగిన కొత్త ఆకులు వేసుకుంటుంది. రోటాలా రోటుండిఫోలియాలో ఈ తేడా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది: నీళ్ల పైన ఆకులు గుండ్రంగా ఉంటాయి, నీళ్లలో పెరిగితే సన్నగా, పొడుగ్గా వస్తాయి. కాబట్టి తెచ్చిన రోజున్న రంగును లెక్కలోకి తీసుకోకండి. మీ ట్యాంకులో పుట్టిన ఆకులు ఏ రంగులో ఉన్నాయన్నదే అసలు విషయం. అవి కూడా ఆకుపచ్చగానే వస్తున్నాయంటే ఇక కారణం వెతకాలి.

ఆ కారణం ఐరన్ మందు సీసాలో మాత్రం లేదు. ఐరన్ వేస్తే ఎరుపు వస్తుందన్న మాట ఈ హాబీలో ఎంతగా పాతుకుపోయిందంటే, ఎర్ర మొక్క కొన్న ప్రతివాడి చేతిలోనూ ఒక సీసా ఉంటుంది. మొక్కకు ఐరన్ ప్రధానంగా పత్రహరితం తయారీకి, ఇంకా కొన్ని ఎంజైములకు కావాలి. అది తక్కువైతే కొత్త చిగుళ్లు పాలిపోయి పసుపు రంగుకు వస్తాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. మీ చిగుళ్లు నిండు ఆకుపచ్చగా ఉన్నాయని మీరే రాశారు. అంటే ఐరన్ సరిపోతోంది. ఇంకా పోస్తే నాచుకు మేత అవుతుందే తప్ప ఎరుపు రాదు. అలాగని పూర్తిగా మానేయకండి, సీసా మీద రాసిన మోతాదు చాలు. మీ నీళ్ల పీహెచ్ 7 దాటి ఉంటే ఈడీటీఏ (ఐరన్‌ను నీళ్లలో కరిగి ఉండేలా పట్టి ఉంచే పదార్థం) రూపంలోని ఐరన్ ఎక్కువసేపు నిలవదు, అదే పని ఇంకా గట్టిగా చేసే డీటీపీఏ ఉన్న మందు చూసుకోండి.

మరి ఎరుపు ఎక్కడి నుంచి వస్తుంది? రోటాలా, లుడ్విజియాల్లో ఆ రంగు ఆంథోసయనిన్‌ది. బలమైన వెలుతురు నుంచి లోపలి కణాలను కాచుకోవడానికి ఆకు పట్టుకునే గొడుగు లాంటిది అది. వెలుతురు తక్కువున్న చోట దాని అవసరం లేదు, తయారు చేయడానికి మొక్కకు ఖర్చు కూడా. అందుకే నీడలో ఉన్న రోటాలా నిక్షేపంగా ఆకుపచ్చగా బతికేస్తుంది. ఆల్టర్నాంథెరా కథ వేరు. అది తోటకూర కుటుంబం మొక్క. దాని ఎరుపు బీటలైన్ అనే వేరే రంగు పదార్థం వల్ల వస్తుంది. ఆ రంగు వెలుతురు మీద అంతగా ఆధారపడదు. మీ ట్యాంకులో మూడింటినీ పక్కపక్కన చూస్తే ఆల్టర్నాంథెరాలోనే, కనీసం ఆకుల అడుగు భాగంలో, కాస్త ఎరుపు మిగిలి ఉండాలి. నా సీవోటూ లేని ట్యాంకులో అదే జరిగింది. పెరుగుదల నత్తనడక, కానీ రంగు పోలేదు.

ఇక వెలుతురు. వెనక వరస మొక్కలకు ప్రత్యేకంగా ఒక ఇబ్బంది ఉంది, చాలామంది పట్టించుకోరు. లైటును ట్యాంకు మధ్యలో పెడతాం. వెనక మూలలకు, ముఖ్యంగా మట్టి దగ్గరికి చేరేసరికి వెలుతురు బాగా తగ్గిపోతుంది. మొక్క ఎత్తు పెరిగేకొద్దీ కొసకు వెలుతురు దండిగా అందుతుంది, ఆ కొస కింద ఉన్నదంతా దాని నీడలో పడుతుంది. అందుకే చాలా ట్యాంకుల్లో పై నాలుగు వేళ్ల మేర ఎర్రగా, కింద ఆకుపచ్చగా, అడుగున బోడిగా కనిపిస్తుంది. లైటును కొద్దిగా వెనక్కి జరపండి. ఖర్చు లేని పని, తేడా తెలుస్తుంది. నీటి మీద తేలే మొక్కలుంటే సగం తీసేయండి. మూత అద్దం మీద పేరుకున్న తెల్లటి ఉప్పు పొర తుడవండి, అది కూడా వెలుతురును బాగానే మింగుతుంది.

లైటు గంటలు మాత్రం పెంచొద్దు. ఎరుపుకు కావాల్సింది తీవ్రత, గంటలు కాదు. రోజుకు 6 నుంచి 8 గంటలు చాలు, టైమర్ పెట్టుకుంటే ఇంకా మంచిది. పది పన్నెండు గంటలు వెలిగిస్తే ముందు గాజు మీద, తర్వాత ఆకుల మీద నాచు పడుతుంది.

లైటు రంగు గురించీ చెప్పాలి. ఎరుపు, నీలం డయోడ్లు ఉన్న లైటు కింద ఎర్ర మొక్క మెరిసిపోతుంది. అదే మొక్క మామూలు తెల్ల లైటు కింద గోధుమ రంగులో కనిపిస్తుంది. మొక్క మారలేదు, మన కంటికి చేరే వెలుతురు మారింది. ఇది మోసం అనేవాళ్లున్నారు. చూసి ఆనందించడానికే కదా పెంచుతున్నది, నాకైతే అందులో తప్పేమీ కనిపించదు. కాకపోతే ఇంటర్నెట్‌లో ఫొటోలు చూసి మీ మొక్కలతో పోల్చుకునేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి.

సీవోటూ దగ్గరే మీరు ఒక నిర్ణయం తీసుకోవాలి. గాలితో సమతూకంలో ఉన్న నీళ్లలో సీవోటూ 1 పీపీఎం (పది లక్షల వంతుల్లో ఒక వంతు) కూడా ఉండదు. చేపల శ్వాస వల్ల, మట్టిలో కుళ్లే పదార్థం వల్ల ఇంకాస్త చేరుతుంది. సీవోటూ పెట్టినవాళ్లు దాన్ని 20 నుంచి 30 పీపీఎం దగ్గర ఉంచుతారు. తేడా ఎంతో చూడండి. సీవోటూ లేకుండా వెలుతురు మాత్రం పెంచితే మొక్క ఆ వెలుతురును వాడుకోలేదు, నాచు వాడుకుంటుంది. ఎర్ర మొక్కల కోసమని బలమైన లైటు ఒక్కటే కొని తెచ్చుకున్నవాళ్ల ట్యాంకులు చివరికి అలాగే అవుతాయి. కొనేటట్టయితే రెండూ కొనండి, లేదా రెండూ మానేయండి.

పెట్టదలిస్తే సిలిండర్, రెగ్యులేటర్ (గ్యాస్ ఒత్తిడి తగ్గించేది), సోలెనాయిడ్ (కరెంటుతో గ్యాస్‌ను తెరిచి మూసే వాల్వు), డిఫ్యూజర్ (గ్యాస్‌ను సన్నటి బుడగలుగా వదిలేది), డ్రాప్ చెకర్ (నీళ్లలో సీవోటూ ఎంతుందో రంగుతో చూపేది) కావాలి. లైటు వెలగడానికి గంట, రెండు గంటల ముందు గ్యాస్ మొదలవ్వాలి, లైటు ఆరేలోపు ఆగిపోవాలి. డ్రాప్ చెకర్‌లో 4 డీకేహెచ్ (నీళ్లలో కార్బొనేట్ల కొలత) ద్రావణం పోస్తే నీలం అంటే తక్కువ, లేత ఆకుపచ్చ అంటే సుమారు 30 పీపీఎం, పసుపు అంటే ఎక్కువ. అది గంటా రెండు గంటలు ఆలస్యంగా రంగు మారుతుంది. కాబట్టి మోతాదు మార్చే రోజు ఇంట్లో ఉండి చేపల్ని గమనించండి. పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే వెంటనే గ్యాస్ ఆపి, గాలి పంపు వేయండి. ఈస్ట్, పంచదార సీసాతో చేసేది చిన్న ట్యాంకుకు నడుస్తుంది కానీ ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ వస్తుంది. ఆ హెచ్చుతగ్గుల దగ్గరే ఆకుల అంచుల మీద నల్లటి కుచ్చు నాచు మొదలవుతుంది. లిక్విడ్ కార్బన్ పేరుతో అమ్మేవి సీవోటూకు బదులు కావు, చాలావాటిలో ఉండేది గ్లూటరాల్డిహైడ్. నాచును అణచడానికి పనికొస్తుంది, వాలిస్నేరియా లాంటి మొక్కల్ని మాత్రం కరిగించేస్తుంది.

సీవోటూ వద్దనుకుంటే ఎరుపును వదులుకోవాల్సిన పని లేదు, మొక్కను మార్చుకోవాలి. వెనక వరసకు నా మొదటి ఓటు టైగర్ లోటస్ ఎర్ర రకానికి. గడ్డలో నిల్వ ఉంటుంది, సీవోటూ అడగదు, ముదురు ఎరుపు పెద్ద ఆకులు వేస్తుంది. నీటి పైకి వెళ్లే తేలే ఆకుల్ని మొదట్లోనే కాడతో సహా కత్తిరిస్తూ ఉంటే ఎక్కువ బలం కింది ఆకులకే వెళుతుంది. వేరు దగ్గర ఎరువు బిళ్ల పెట్టడం మర్చిపోకండి. ఎర్ర రకం ఎకినోడోరస్ కూడా ఇలాంటిదే, కానీ రెండడుగుల ట్యాంకులో ఒక్కటి చాలు, చోటంతా ఆక్రమిస్తుంది. కాడ మొక్కే కావాలంటే లుడ్విజియా రెపెన్స్. హార్డ్ వాటర్‌ను కూడా తట్టుకుంటుంది. సీవోటూ లేకుండా నిప్పులాంటి ఎరుపు రాదు గానీ రాగి రంగు వస్తుంది, ఆకు అడుగు గులాబీగా ఉంటుంది. హైగ్రోఫిలా రోజానెర్విగ్ కొసలు గులాబీ, ఈనెలు తెలుపు. ఆ తెల్లదనం ఒక వైరస్ చలవ, మొక్కకు ప్రమాదం లేదు. రోటాలా మాక్రాండ్రా, రోటాలా వాలిచీ, ఎర్ర కబోంబా ఈ జాబితాలో లేవు. మెత్తని నీళ్లు (సాఫ్ట్ వాటర్), సీవోటూ, మంచి వెలుతురు, ఈ మూడింటిలో ఏది లేకపోయినా వాటి జోలికి వెళ్లకండి. మాక్రాండ్రా నీళ్లు 28 డిగ్రీలు దాటినా మొండికేస్తుంది.

నైట్రేట్ (మొక్కలు తినే నత్రజని పోషకం) తగ్గిస్తే ఎరుపు వస్తుందని కూడా వినే ఉంటారు. ఇది సగం నిజం. రోటాలా జాతికి బాగా వర్తిస్తుంది. నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం మధ్య ఉంటే రోటాలా రోటుండిఫోలియా నారింజ, గులాబీ రంగుల్లోకి తిరుగుతుంది. అదే ఆల్టర్నాంథెరాను అలా ఆకలితో ఉంచితే ఆకులు చిన్నవై, పాత ఆకులు రాలతాయి, రంగేమీ పెరగదు. లుడ్విజియా మధ్యస్థం. మీ దగ్గర మూడూ కలిసి ఉన్నాయి కాబట్టి నైట్రేట్‌తో ఆడకండి. పైగా వెలుతురు, సీవోటూ సరిగ్గా కుదిరాకే ఈ చిట్కా పనిచేస్తుంది, అంతకుముందు చేస్తే మొక్క నీరసించడం తప్ప ఏమీ జరగదు. సున్నాకు మాత్రం ఎప్పుడూ తీసుకెళ్లొద్దు. వారానికోసారి మూడో వంతు నుంచి సగం దాకా నీళ్లు మార్చండి. పాత ఆకుల్లో గుండుసూది బెజ్జాలు కనిపిస్తే పొటాషియం చూడండి.

నాటే పద్ధతి, కత్తిరించే పద్ధతి గురించి ఎవరూ అడగరు గానీ, వెనక వరస అందం సగం అక్కడే ఉంది. కాడ మొక్కలు కట్టలుగా వస్తాయి, అలాగే గుచ్చేస్తే లోపలి కాడలకు వెలుతురు, నీటి కదలిక అందక అక్కడి నుంచే కుళ్లు మొదలవుతుంది. కట్ట విప్పి, ఒక్కో కాడకు అడుగు ఆకులు తీసి, పట్టకారుతో రెండు మూడు సెంటీమీటర్ల ఎడంగా నాటండి. కనీసం రెండు కణుపులు మట్టిలోకి వెళ్లాలి, లేకపోతే తేలిపోతాయి. వెనక మట్టి ముందుకన్నా ఎత్తుగా, 7 నుంచి 10 సెంటీమీటర్లు ఉంటే వేళ్లకు చోటు దొరుకుతుంది, కింది ఆకులు లైటుకు కాస్త దగ్గరవుతాయి.

వేరు పట్టి పెరుగుదల మొదలయ్యాక, కావలసిన ఎత్తులో సగానికి చేరగానే మొదటి కోత వేయండి. ఇది చాలామందికి మనసొప్పదు. కానీ కోసిన చోట కింది కణుపు నుంచి సాధారణంగా రెండు చిగుళ్లు వస్తాయి, పొద గుబురవుతుంది. ఎత్తు పెరిగిపోయాక కోస్తే పైన రెండు కొమ్మలు, కింద బోడి కాడ మిగులుతాయి. రోటాలా రోటుండిఫోలియాను ఇలా పదే పదే కత్తెరతో పొదలా తీర్చవచ్చు, విసుగులేని మొక్క. లుడ్విజియా, ఆల్టర్నాంథెరాలను మాత్రం కొస కోసి తిరిగి నాటడమే మేలు. పాత మొదళ్ల నుంచి వచ్చే చిగుళ్లు వీటిలో బలహీనంగా ఉంటాయి. ఏదైనా ఒకేరోజు వెనక వరస మొత్తం కోయకండి. ఒక్కసారిగా మొక్కలు తగ్గితే నీళ్లలో మిగిలిన పోషకాలతో నాచు లేస్తుంది. ఈ వారం ఎడమ పక్క, వచ్చే వారం కుడి పక్క.

ఎర్ర మొక్కలన్నీ ఒకచోట పెట్టకండి. ఎరుపు పక్కన ఎరుపు పెడితే రెండూ మసకగా కనిపిస్తాయి. మధ్యలో లిమ్నోఫిలా సెస్సిలిఫ్లోరా లాంటి లేత ఆకుపచ్చ మొక్క పెట్టి చూడండి, వెనక గాజుకు నల్ల కాగితం అంటించండి. మొక్కలో ఏ మార్పూ లేకుండానే ఎరుపు ఎగసినట్టు అనిపిస్తుంది. లిమ్నోఫిలా వేగంగా పెరుగుతుంది కనుక వారం వారం కోయక తప్పదు, లేకపోతే పక్కవాటి మీద పడి నీడ చేస్తుంది.

చివరిగా, ఉన్నవాటిని పీకాలా అన్న ప్రశ్న. కొసలు బాగున్న కాడల్ని పీకి, పై నుంచి ఓ జానెడు ఉంచి కోసి, విడివిడిగా తిరిగి నాటండి. బోసిపోయిన కింది భాగం పారేయండి, రాలిన చోట ఆ ఆకులు మళ్లీ రావు. ఆల్టర్నాంథెరాను ఇప్పుడే ముట్టుకోకండి, అది కుదురుకోవడానికి టైం తీసుకుంటుంది. కొత్త ఆకులు నాలుగైదు జతలు వచ్చేదాకా లైటు వెనక్కి జరపడం, నీళ్లు మార్చడం తప్ప ఇంకేమీ మార్చొద్దు. ఒకేసారి నాలుగు మారిస్తే ఏది పని చేసిందో తెలియదు.