ఆఫీసులో మెయిల్ వెళ్తోంది, ఇంటి నుంచి టైమవుట్: పోర్ట్ 25 బదులు 587 వాడండి

మీ పోస్ట్‌ఫిక్స్ మెయిల్ సర్వర్ ద్వారా ఆఫీసులో మెయిల్ వెళ్తోంది, ఇంటి నుంచి పంపితే టైమవుట్ అని అడిగారు. అది పోర్ట్ 25 (సర్వర్‌లోకి వెళ్లే నంబరు గల దారి) దగ్గరే ఆగిపోతోంది. మెయిల్ రావడం బాగానే ఉండి, ఇంటి నుంచి పంపితేనే టైమవుట్ అంటే చాలావరకు కారణం అదే. స్పామ్ భయంతో చాలా ఇంటర్నెట్ కంపెనీలు ఇళ్ల కనెక్షన్లలో బయటికి వెళ్లే 25ను మూసేస్తాయి. 25ను సర్వర్ల మధ్య రాకపోకలకు వదిలేసి యూజర్లకు 587 ఇవ్వండి.

మీది పోస్ట్‌ఫిక్స్ కాబట్టి:

1. మాస్టర్.సీఎఫ్ (పోస్ట్‌ఫిక్స్ సర్వీసుల సెట్టింగ్స్ ఫైల్)లో 'సబ్మిషన్' (యూజర్లు మెయిల్ పంపే 587 సర్వీసు) లైన్ ముందున్న # తీసేయండి.

2. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. దాని కింద '-ఓ' అని ఉన్న లైన్లలో టీఎల్ఎస్‌ను (కనెక్షన్ ఎన్‌క్రిప్షన్) తప్పనిసరి చేసేదీ, శాసల్ లాగిన్‌ను (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ తనిఖీ) ఆన్ చేసేదీ కూడా తెరవాలి. # మాత్రమే తీయండి, లైన్ మొదట్లో ఖాళీ ఉండాల్సిందే. ఆ ఖాళీ పోతే పోస్ట్‌ఫిక్స్ దాన్ని వేరే సర్వీసు అనుకుని ఎర్రర్ ఇస్తుంది.

లాగిన్ పనిచేయకపోతే 'రిలే యాక్సెస్ డినైడ్' (బయటి చిరునామాలకు పంపే అనుమతి లేదు) అనే ఎర్రర్ వస్తుంది. టెన్షన్‌తో మైనెట్‌వర్క్స్ (లాగిన్ లేకుండానే మెయిల్ పంపనిచ్చే ఐపీల జాబితా)లో అన్ని ఐపీలూ చేర్చేయకండి, స్పామర్లకు తాళంచెవి ఇచ్చినట్టే. శాసల్‌ను డవ్‌కాట్‌కు (పాస్‌వర్డ్‌లు సరిచూసే మెయిల్ సాఫ్ట్‌వేర్) కలిపారో లేదో చూడండి.

3. ఫైర్‌వాల్‌లో టీసీపీ 587 తెరవండి. క్లౌడ్ సర్వర్ అయితే వాళ్ల కంట్రోల్ ప్యానెల్‌లోనూ.

4. పోస్ట్‌ఫిక్స్ రీలోడ్.

5. యూజర్ల మెయిల్ యాప్‌లో పోర్ట్ 587, స్టార్ట్‌టీఎల్ఎస్ (ఎన్‌క్రిప్షన్ ఆప్షన్), యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పెట్టించండి.

టెస్ట్ ఆఫీసు నెట్ మీద చేయకండి. మొబైల్ డేటా నుంచి మీ సర్వర్ 587కు టెల్‌నెట్ (పోర్ట్‌కు కనెక్ట్ అయి చూసే కమాండ్) చేయండి. 220తో మొదలయ్యే లైన్ వస్తే పోర్ట్ తెరుచుకున్నట్టే. అప్పటికీ మెయిల్ పోకపోతే మెయిల్ లాగ్‌లో ఆ నిమిషపు లైన్లు ఇక్కడ పెట్టండి.