టెక్ సందేహాలు: ఏసీ వాల్వ్ ఎవరి మాట వింటుంది?

ప్రశ్న: మాది ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ ఏసీ. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా బయటి యూనిట్ కొన్ని సెకన్లపాటు టకటకమంటుంది. ఈ మధ్య చల్లదనం తగ్గింది. ఎక్స్‌పాన్షన్ వాల్వ్ పోయింది, మార్చాలని మెకానిక్ అంటున్నారు. అసలు ఎంత తెరుచుకోవాలో ఆ వాల్వ్‌కు ఎలా తెలుస్తుంది? రిమోట్‌లో పెట్టిన అంకెను బట్టేనా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు ఆ చప్పుడు గురించి దిగులు మానండి. లోపలి కాయిల్‌కు ఎంత గ్యాస్ వెళ్లాలో చూసేదే ఈ వాల్వ్. దానిలోని సూదిని కదిలించేది మెట్టు మెట్టుగా తిరిగే చిన్న స్టెప్పర్ మోటారు. చాలా మోడళ్లలో పూర్తిగా మూసిన చోటు నుంచి పూర్తిగా తెరిచే దాకా దాదాపు 500 మెట్లు. తాను ఏ మెట్టు మీద ఉందో ఆ మోటారు చెప్పలేదు. అందుకే కరెంటు వచ్చాక ఏసీని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు దాన్ని చివరంటా మూసి, అక్కడి నుంచి లెక్క మొదలుపెడుతుంది. మామూలుగా ఆ టకటక అప్పటిదే.

రిమోట్ అంకెను బట్టి మారేది ప్రధానంగా కంప్రెసర్ వేగం. వాల్వ్‌ను నడిపేవి గొట్టాలకు బిగించిన సెన్సర్లు. లోపలి కాయిల్ 7 డిగ్రీలు, కంప్రెసర్‌కు తిరిగి వెళ్లే గొట్టం 12 డిగ్రీలు ఉన్నాయనుకోండి. ఆ 5 డిగ్రీల తేడాయే సూపర్‌హీట్. కాయిల్‌లోకి ద్రవంగా వచ్చిన గ్యాస్ అంతా ఆవిరయ్యాకే కంప్రెసర్‌కు చేరుతోందని దానర్థం. తేడా పెరిగితే బోర్డు వాల్వ్‌ను ఇంకాస్త తెరుస్తుంది, తగ్గితే మూస్తుంది. కొన్ని ఏసీల్లో దీనికి బదులు కంప్రెసర్ నుంచి బయటికొచ్చే గొట్టం వేడిని చూస్తారు. ఆర్‌-32 గ్యాస్‌తో ఆ గొట్టం బాగా కాలుతుంది కనుక అక్కడి సెన్సర్ చాలా కీలకం.

ఆ సెన్సర్ క్లిప్పు ఊడి గాలిలో వేలాడుతోందనుకోండి. గొట్టం చల్లగా ఉందని బోర్డు పొరబడి వాల్వ్‌ను మూస్తూ పోతుంది. కాయిల్‌కు గ్యాస్ చాలదు, గది చల్లబడదు. నిక్షేపంలాంటి వాల్వ్ మీద నింద పడుతుంది. గ్యాస్ అయిపోయిందని నింపించుకుని డబ్బు పోగొట్టుకునేవారూ ఉన్నారు, అది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

కాబట్టి ముందు సెన్సర్లు చూడమనండి. కరెంటు తీసి, సెన్సర్ ప్లగ్గును బోర్డు నుంచి విప్పి మల్టీమీటర్‌తో దాని నిరోధం కొలవాలి. కాయిల్ సెన్సర్లలో 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్‌లు చూపేవి చాలా ఉన్నాయి. మీ మోడల్ లెక్క సర్వీస్ మాన్యువల్‌లో చూడాలి. సెన్సర్ మొనను గుప్పిట్లో పట్టుకుంటే అంకె నెమ్మదిగా దిగాలి. దిగకుండా బిగుసుకుపోతే సెన్సర్ పోయినట్టే. ఆ తర్వాత వాల్వ్ మీది మోటారు కాయిల్ తీగలు చూడాలి. ఇవన్నీ సరిగ్గా ఉంటేనే వాల్వ్ మాట. దాన్ని మార్చాలంటే గ్యాస్ అంతా తీసి, రాగి గొట్టం విడదీసి, మళ్లీ అతికించి, లోపలి గాలిని లాగేసి (వాక్యూమ్ చేసి), గ్యాస్ నింపాలి. మీరు మాత్రం బయటి యూనిట్ మూత తీయకండి. కరెంటు తీసేసినా బోర్డు మీది కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు కొంతసేపు నిలిచే ఉంటుంది.