అటక మీద మిగిలిన కారు ఏది?

ప్రశ్న: సార్, నమస్తే. మా నాన్నగారికి ఒక పాత కారు ఉండేది. ఆయన పోయాక చాలా ఏళ్లు పెరట్లో రేకుల షెడ్డు కింద పడి ఉండి, అడుగంతా తుప్పు తినేసింది. చివరికి పాత ఇనుము వాళ్లకి ఇచ్చేశాం. అమ్మ పట్టుబట్టి కొంత సామాను విప్పించి అటక మీద పెట్టించింది. వెనక తలుపులు రెండు అద్దాలతో సహా, గేర్‌బాక్సు, డైనమో, హెడ్‌లైట్ల రింగులు, వెనక లైట్ల ఎర్ర అద్దాలు, నాలుగు వీల్ కప్పులు, వెడల్పాటి కమాను (పట్టీల స్ప్రింగు) ఒకటి, ‘స్టాండర్డ్’ అని రాసి ఉన్న బిళ్ల ఉన్నాయి. ఆర్‌సీ జిరాక్సులో 1969 అన్న అంకె ఒక్కటే కనిపిస్తోంది. అది ట్రయంఫ్ హెరాల్డ్, లండన్ కారు అని మా అన్నయ్య వాదన. ఇక్కడి మెకానిక్ ఒకాయన ఫియట్ అన్నాడు. ఇంజిన్ చూడాలంటే నాన్న ముందు భాగం మొత్తాన్ని మడ్‌గార్డులతో సహా ముందుకి ఎత్తేవారు, అది మాత్రం నాకు బాగా గుర్తు. ఇప్పుడు ఇల్లు పడగొట్టి కడుతున్నాం, అటక ఖాళీ చేయాలి. గుజరీ అతను కిలో లెక్కన అడుగుతున్నాడు. ఇచ్చేయమంటారా?
– ఎస్., తెనాలి

జవాబు: ముందు ఆ గుజరీ అతనికి ‘ఇంకో నెల ఆగు బాబూ’ అని చెప్పండమ్మా, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

మీ అన్నయ్య సగం కరెక్టు, మెకానిక్ పూర్తిగా తప్పు. మడ్‌గార్డులు, లైట్లతో సహా ముందు భాగమంతా బంపర్ వైపుకి లేచే కారు మన ఫియట్ కానే కాదు, అది హెరాల్డ్ గుర్తు. ఇంగ్లండ్‌లో ట్రయంఫ్ కంపెనీ 1959లో తెచ్చిన కారు అది, రూపం గీసింది ఇటలీకి చెందిన జొవాన్ని మికెలొట్టి. అప్పటికే చాలా కంపెనీలు ఛాసిస్ (అడుగు చట్రం), బాడీ కలిపి ఒకే గుల్లలా చేస్తుంటే, వీళ్లు మాత్రం పాత పద్ధతిలో విడిగా ఛాసిస్ వేసి, దాని మీద బాడీని ముక్కలు ముక్కలుగా బోల్టులతో బిగించారు. ఇన్నేళ్ల తర్వాత కూడా మీ ఇంట్లో తలుపులు, కమాను దేనికది చెక్కుచెదరకుండా మిగిలాయంటే అమ్మగారి పట్టుదలతో పాటు ఆ బిగింపుకి కూడా కొంత పుణ్యం దక్కాలి.

కానీ మీది లండన్ నుంచి ఓడలో దిగిన కారు కాదు. ట్రయంఫ్‌ని స్టాండర్డ్ కంపెనీ రెండో ప్రపంచ యుద్ధం చివర్లో కొనేసింది, దాని భాగస్వామ్యంతో మన దేశంలో మద్రాసు శివారు వండలూరులో నడిచిన కంపెనీయే స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్. వాళ్లు 1961 నుంచి ఇదే కారుని ‘స్టాండర్డ్ హెరాల్డ్’ పేరుతో 948 సీసీ ఇంజిన్‌తో ఇక్కడ తయారు చేశారు. ట్రయంఫ్ అన్న పేరు వాడలేదు, అందుకే మీ బిళ్ల మీద స్టాండర్డ్ అని ఉంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైన మాట ‘వెనక తలుపులు రెండు’. ఇంగ్లండ్‌లో ఐదు లక్షలకు పైగా హెరాల్డ్‌లు చేశారు, ఒక్కదానికీ నాలుగు తలుపులు లేవు. అక్కడ మామూలు కారు, టాపు మడిచేది, వెనక సామాను పెట్టుకునేది అన్నీ ఉన్నాయి గానీ, ముందు సీటు వంచి వెనక్కి దూరాల్సిందే. మన ఇళ్లలో అమ్మమ్మలు, పట్టుచీరలు, పెళ్లి ప్రయాణాలు ఉంటాయి కదా, ఆ దూరడం ఇక్కడ కుదరలేదు. మద్రాసు వాళ్లు 1968లో మార్క్ 3 అని నాలుగు తలుపుల కారు తెచ్చారు, అది మన దేశంలో తప్ప ఎక్కడా లేదు. దీని తర్వాత వచ్చిన గజెల్‌కి కూడా నాలుగు తలుపులే, కానీ అది 1970ల్లోని బండి, మీ కాగితం 1969 అంటోంది. కాబట్టి మీ నాన్నగారిది స్టాండర్డ్ హెరాల్డ్ మార్క్ 3. ఆ కమాను కూడా సాక్ష్యమే. మిగతా కార్లకి వెనక చెరో వైపు ఒక కమాను ఉంటే, హెరాల్డ్‌కి ఒకటే, అడ్డంగా, డిఫరెన్షియల్ (వెనక చక్రాలు రెండిటికీ శక్తి పంచే గేర్ల పెట్టె) మీద కూర్చుంటుంది. వెనక జాకీ పెట్టి లేపితే చక్రాలు రెండూ కాళ్లు ముడుచుకున్నట్టు లోపలికి వాలేవి, మీరు చిన్నప్పుడు చూసే ఉంటారు. మన మెకానిక్‌లకి ఆ అమరిక ఎప్పుడూ నచ్చలేదు, గజెల్‌కి వచ్చేసరికి కంపెనీయే దాన్ని తీసేసి మామూలు ఇరుసు పెట్టింది.

ఇక అమ్మకం. చాలామంది బరువైన వస్తువుకి ఎక్కువ డబ్బు వస్తుందనుకుంటారు, గేర్‌బాక్సు చూసి మురిసిపోతారు. ఇక్కడ లెక్క వేరు. హెరాల్డ్ ఇంజిన్, గేర్‌బాక్సు, బ్రేకుల సామాను చాలావరకు ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ లాంటి కార్లతో కలుస్తుంది, ఇంగ్లండ్‌లో వీటికి పెద్ద క్లబ్బులు, వాటిని నమ్ముకున్న దుకాణాలు ఉన్నాయి, బేరింగులు, సీళ్లు, గాస్కెట్లు ఇప్పటికీ కొత్తవి చేస్తారు. అంటే అలాంటి వస్తువుకి అక్కడి ధర, ఓడ ఖర్చు, కస్టమ్స్ కలిపి ఎంతవుతుందో అంతకు మించి ఇక్కడ ఎవరూ ఇవ్వరు. అదే మీ వెనక తలుపు, దాని అద్దం, హ్యాండిల్ లండన్ మొత్తం గాలించినా దొరకవు, ఎందుకంటే అక్కడ అవి పుట్టనే లేదు. మార్క్ 3 కారు బాగు చేయించుకుంటూ వెనక తలుపు అద్దం పగలగొట్టుకున్న వాడు ఎవడైనా ఉంటే, వాడికి మీ అటకే గతి. ఎర్ర అద్దాలు, బిళ్ల కూడా ఈ జాబితాలోవే, గుప్పెట్లో పట్టే సామాను కదా అని తూకంలో పడేయకండి.

అందుకని మొత్తం ఒకే గుంపుగా ఇవ్వొద్దు. అలాగని తలుపు నుంచి అద్దాన్ని, అద్దం నుంచి రబ్బరుని వేరు చేయడం కూడా వద్దు, తలుపు తలుపుగానే ఉండనివ్వండి. ప్రతి వస్తువుని పగటి వెలుతురులో, పక్కన స్కేలు పెట్టి, రెండు వైపులా ఫోటో తీయండి, తుప్పు ఉన్న చోటు దాచకుండా మరీ దగ్గరగా తీయండి. పోత పోసిన భాగాల మీద అంకెలు ఉంటే వాటినీ తీయండి. కొన్నిటి మీద ‘స్టాన్‌పార్ట్’ అన్న అచ్చు ఉండొచ్చు, అది ఇంగ్లండ్ కంపెనీ సొంత సామాను గుర్తు. డైనమో మీద లూకాస్ టీవీఎస్ అని ఉంటే అది మద్రాసు సరుకు. కిరసనాయిలు గుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు, దయచేసి రంగు వేయించకండి, బిళ్లని ఉప్పు కాగితంతో రుద్దకండి (ఆ మెరుపు చూసి మీరు సంతోషిస్తారు, కొనేవాడు మాత్రం ధర తగ్గిస్తాడు). ఇంకా ఏదైనా విప్పాల్సి వస్తే మిల్లీమీటర్ల పానాలు వాడనివ్వకండి, ఇవన్నీ ఇంచుల నట్లు, అంచులు అరిగిపోతాయి.

ఎక్కడ అమ్మాలంటే, చెన్నై, బెంగళూరు, హైదరాబాదుల్లోని పాత కార్ల క్లబ్బుల వాట్సాప్ గ్రూపుల్లో ముందు పెట్టించండి. చెన్నైలో పాత సామాను అమ్మే పుదుపేట గానీ విజయవాడ ఆటోనగర్ గానీ చివరి దారిగా ఉంచుకోండి, అక్కడ కొనేవాడు మళ్లీ అమ్ముకోవాలి కాబట్టి మీకు సగం కూడా చెప్పడు, అందులో అతని తప్పేమీ లేదు. తలుపులకి మీరే ముందు ధర చెప్పకండి, ముగ్గురు అడిగేదాకా ఆగండి. పంపేటప్పుడు చెక్క పెట్టె చేయించి వరిగడ్డి దట్టంగా కూరి లారీ పార్సిల్‌లో వేయండి. ఒక్క జాగ్రత్త: డబ్బు పంపుతున్నాను, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అని ఎవరైనా అంటే ఫోన్ పెట్టేయండి. డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు.

ఛాసిస్ నంబరు రేకు ఏదైనా ఆ మూటలో ఉంటే దాన్ని ఎవరికీ అమ్మకండి, ఎంతిచ్చినా సరే. ఆ రేకు ఇంకో బండికి ఎక్కితే రేపు పోలీసులు వచ్చేది మీ ఇంటికే. కారు తుక్కు అయిపోయిందని ఆర్టీఏ ఆఫీసులో రాసిచ్చారా? నిజానికి అది 14 రోజుల్లో తెలియజేయాల్సిన విషయం, ఇప్పుడైనా వెళ్లి ఆ రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోండి.

ప్రశ్న: మా తాతగారి కారు షెడ్డులో ఉంది. అందరూ అంబాసిడర్ అంటారు, ఒకాయన ల్యాండ్‌మాస్టర్ అన్నాడు. ఇంజిన్ చూస్తే తెలుస్తుందా?
– ఆర్., కర్నూలు

జవాబు: ఇంజిన్ చూసి తేల్చకండి. 1954లో వచ్చిన ల్యాండ్‌మాస్టర్‌కి సైడ్ వాల్వ్ (వాల్వులు సిలిండర్ పక్కన ఉండే పాత రకం) ఇంజిన్ ఉండేది, తర్వాత వచ్చిన తొలి అంబాసిడర్లకీ అదే పెట్టారు. పైగా ఇన్నేళ్లలో ఎవరు ఏ ఇంజిన్ మార్చారో ఆ దేవుడికే తెలియాలి. బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. పొడుగునా గాడులు ఉండి, వెనక మడ్‌గార్డుల చివర చిన్న రెక్కల్లా లేస్తే అంబాసిడర్. బానెట్ నున్నగా, వెనక మడ్‌గార్డులు గుండ్రంగా జారితే ల్యాండ్‌మాస్టర్. రెండోదే అయితే ఒక్క బోల్టు కూడా విడిగా అమ్మకండి.

ప్రశ్న: నా దగ్గర 1966 రెండు తలుపుల స్టాండర్డ్ హెరాల్డ్ ఉంది, ఆర్‌సీ కూడా ఉంది. పాత ఇంజిన్ మొరాయిస్తోందని మూడేళ్ల క్రితం మెకానిక్ మారుతి ఇంజిన్ వేశాడు. ఇప్పుడు వింటేజ్ నంబరు తీసుకోవచ్చా?
– వి., ఖమ్మం

జవాబు: వయసు సరిపోతుంది, ఇంజిన్ దగ్గర చిక్కు వస్తుంది. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బండి వింటేజ్ కిందకి వస్తుంది. (పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్లు 1930 దాకా వచ్చినవాటినే వింటేజ్ అంటారు, ఆ గొడవ వేరు.) నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత ‘వీఏ’ అని వస్తుంది, కొత్త రిజిస్ట్రేషన్‌కి ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత మళ్లీ చేయించుకోవడానికి 5,000. రోజూ ఆఫీసుకి వేసుకెళ్లడానికి, కిరాయికి తిప్పడానికి వీల్లేదు. కానీ బండి అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పు ఉండకూడదు అన్నది షరతు. మారుతి ఇంజిన్‌తో వెళ్తే ఆ మాట దగ్గరే ఆగిపోతారు.

పాత ఇంజిన్ తిరిగి ఎక్కించడం ఒక్కటే దారి. అది 948 సీసీదే కాబట్టి లోపలి సామాను దొరుకుతుంది, ఖర్చు మాత్రం అవుతుంది. ఆర్‌సీలో ఉన్న ఇంజిన్ నంబరు దానిదే కదా, మరి అది ఎక్కడ ఉంది? మెకానిక్ షెడ్డులో వదిలేసి వచ్చి ఉంటే, ఈ పత్రిక పక్కన పెట్టి ఇప్పుడే బయలుదేరండి.