హంటర్ కిట్‌కి రెజిన్ ముక్కు అతికించి రెండు సీట్ల ట్రైనర్ చేయాలంటే ఏ జిగురు వాడాలి?

మీ ప్రశ్న ఇది: "రెవెల్ 1/72 హంటర్ ఎఫ్‌జీఏ.9 కిట్ ఉంది. రెజిన్ కన్వర్షన్ సెట్ తెప్పించి మన వాయుసేన టి.66 ట్రైనర్ చేద్దామనుకుంటున్నా. రెజిన్‌ని ప్లాస్టిక్‌కి ఏ జిగురుతో అతికించాలి? మొదటిసారి చేసేవాళ్లకు కుదురుతుందా?"

కొత్తవాళ్ల కోసం ఒక మాట: హంటర్ ఒకప్పటి బ్రిటిష్ జెట్ యుద్ధవిమానం. 1/72 అంటే అసలు విమానంలో 72వ వంతు. కన్వర్షన్ సెట్ అంటే ఒక రకం కిట్‌ని ఇంకో రకంగా మార్చే విడిముక్కలు. జిగురు సంగతి ముందే చెప్పేస్తా. మోడల్ సిమెంట్, అంటే ప్లాస్టిక్ కిట్లకు మామూలుగా వాడే జిగురు, పనికిరాదు. అది పాలీస్టైరీన్‌ని కరిగించి అతుకుతుంది. రెజిన్ పాలీయురేతేన్, దానికి కరగదు. కాబట్టి చిన్న ముక్కలకు ఫెవిక్విక్ లాంటి సూపర్‌గ్లూ, ముక్కు మొత్తానికి అరాల్డైట్. అయిదు నిమిషాల్లో గట్టిపడే రకం వద్దు, మామూలుది. ఎందుకో కింద చెప్తా. అసలు ఈ పని జిగురు దగ్గర చెడదు, రంపం దగ్గర చెడుతుంది. అందరూ జిగురు గురించి అడుగుతారు, కోత గురించి ఒక్కరూ అడగరు.

ముందు ఏం చేయబోతున్నామో కొలతల్లో చూసుకోండి. ఒంటి సీటు ఎఫ్.6 (మీ ఎఫ్‌జీఏ.9 దీన్నుంచి వచ్చిందే) పొడవు 13.98 మీటర్లు, రెండు సీట్ల రకం 14.89. తేడా 91 సెంటీమీటర్లు, అంటే 1/72లో 12.7 మిల్లీమీటర్లు. పూర్తయిన మోడల్ 194 మి.మీ. నుంచి దాదాపు 207 మి.మీ.కి పెరగాలి. ఈ 207 అంకె కాగితం మీద రాసి బల్లకి అంటించుకోండి. గీత ఒక మిల్లీమీటరు వెనక్కి పడిందా, ముందుకి పడిందా అని తేల్చేది ఇదే. సెట్‌తో వచ్చే సూచనల కాగితాన్ని మాత్రం నమ్మకండి. చాలా సెట్లలో అది ఒకే ఒక జెరాక్స్ కాగితం. విమానం బొమ్మ మీద అడ్డంగా ఒక లావు గీత, పక్కన కత్తెర గుర్తు. ఆ గీత మందమే అసలు స్కేలులో అరడుగు ఉంటుంది. గీతకి ఎటుపక్క కోయాలో ఎవరూ చెప్పరు.

రెజిన్ పెట్టె విప్పగానే చేయాల్సిన పని కడగడం. అచ్చులోంచి పోత ఊడి రావడానికి పూసిన సిలికాన్ జిడ్డు ముక్కల మీద ఉండిపోతుంది. గోరువెచ్చటి నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు, పాత టూత్‌బ్రష్. రుద్ది ఆరబెట్టండి. ఈ మెట్టు ఎగ్గొడితే ఇప్పుడేమీ తెలియదు. నెల తర్వాత టేపు లాగినప్పుడు రంగు పొరలు పొరలుగా టేపుతో పాటే వస్తుంది. సన్న ముక్కలు వంకరపోయి ఉంటే బాగా వేడి నీళ్లలో అర నిమిషం ముంచి, చేత్తో సరిచేసి, వెంటనే చల్లనీళ్లలో పెట్టండి. అలాగే నిలబడతాయి. గాలి బుడగల గుంటలకు సూపర్‌గ్లూలో టాల్కమ్ పౌడర్ కలిపి నింపండి. వంటసోడా కూడా వాడతారు, అయితే అది క్షణంలో రాయైపోతుంది. చుట్టూ ఉన్న రెజిన్ అరిగిపోతుంది గానీ సోడా మచ్చ అరగదు. పౌడర్ కలిపింది కూడా గంటా రెండు గంటల్లోపే అరగదీసేయండి. తెల్లారేదాకా వదిలేస్తే అదీ మొండికేస్తుంది.

ముక్కలకు అంటుకుని వచ్చే పోత దిమ్మని రంపంతో కోసేటప్పుడు, అరగదీసేటప్పుడు మాస్కు పెట్టుకుని, నీళ్లతో తడిపి రుద్దే గరుకు కాగితం వాడండి. రెజిన్ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఫ్యాను కింద కూర్చుని కోసే మహానుభావులున్నారు, ఇంట్లో పిల్లలున్నారన్న ధ్యాస కూడా ఉండదు.

ఇక అసలు కోత. రెండు రకాలుగా చేస్తారు. ఎడమ, కుడి సగాలను విడివిడిగా కోసి తర్వాత కలపడం ఒకటి. ముందు సగాలను అతికించి గొట్టంలా చేసి ఒకేసారి కోయడం రెండోది. నేను రెండోదాని పక్షం, ఇందులో రాజీ లేదు. విడిగా కోస్తే ఒక సగం మీద అర మిల్లీమీటరు తేడా వచ్చినా, కలిపాక అది మెట్టులా తేలుతుంది. గొట్టంగా కోసేముందు లోపల పెట్టాల్సినవన్నీ, జెట్ పైపుతో సహా, పెట్టేయాలి. ఇంకో ముఖ్యమైన పని: కోత గీతకి 3 మి.మీ. వెనక, లోపల, 1 మి.మీ. ప్లాస్టిక్ షీటుతో అడ్డుగోడ అతికించాలి. గొట్టం కోయగానే దాని అంచులు లోపలికి ముడుచుకోవడమో బయటికి తెరుచుకోవడమో జరుగుతుంది. అడ్డుగోడ ఉంటే కదలదు. పైగా రెజిన్ ముక్కులోంచి వచ్చే ఇత్తడి పిన్నుకి కన్నం పెట్టడానికి చోటు, జిగురు పట్టడానికి తలం రెండూ దొరుకుతాయి.

గీత గీయడానికి పేర్లు అచ్చేసే మందమైన ప్లాస్టిక్ లేబుల్ టేపు చుట్టండి. దాని అంచు రంపానికి కంచెలా పనిచేస్తుంది. మాస్కింగ్ టేపు మెత్తన, రంపం దాన్ని కోసుకుంటూ పక్కకి పోతుంది. గీత మీద కోయకండి. పారేసే వైపు 1 మి.మీ. వదిలి కోసి, మిగిలింది అరగదీసి గీతకి తెచ్చుకోండి. రంపం పలక మందం 0.2 మి.మీ. లోపు ఉండాలి. పై నుంచి కిందికి ఒకే కోతలో దించకూడదు. చుట్టూ తిప్పుతూ గాటు లోతు పెంచుకుంటూ పోవాలి, కొబ్బరికాయ చుట్టూ కొట్టుకుంటూ పోయినట్టు. చివరికి దానంతటదే ఊడి వస్తుంది. తర్వాత గాజు పలక మీద 240 నంబరు గరుకు కాగితం పరిచి, కోసిన ముఖాన్ని ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతూ రుద్దండి. నిలువుగా పట్టుకున్నారో లేదో మూలమట్టం ఆనించి చూసుకోండి.

ఇప్పుడు జిగురు లేకుండా రెజిన్ ముక్కు ఆనించండి. నూటికి తొంభై సార్లు సరిపోదు. రెజిన్ గట్టిపడేటప్పుడు కాస్త కుంచించుకుపోతుంది కాబట్టి ముక్కు చుట్టుకొలత కొద్దిగా చిన్నదవుతుంది. వెర్నియర్‌తో వెడల్పు, ఎత్తు రెండూ కొలవండి. తేడా 0.3 మి.మీ. లోపుంటే అరగదీస్తే పోతుంది. అంతకు మించితే అప్పుడు తెలివి చూపించాలి: పైన వెన్ను గీత, రెండు పక్కలు కచ్చితంగా కలిసేలా పెట్టి, మిగిలిన మెట్టు మొత్తాన్ని పొట్ట కిందికి నెట్టేయండి. అక్కడెవరూ చూడరు, పుట్టీ పెట్టినా గీతలు పెద్దగా పోవు. నలువైపులా సమానంగా పంచితే నలువైపులా పుట్టీ పూయాల్సి వస్తుంది, పేనల్ లైన్లన్నీ (విమానం రేకుల అతుకుల గీతలు) మళ్లీ చెక్కాల్సి వస్తుంది. పుట్టీ డబ్బా సగం ఖాళీ అయిందంటే అది రెజిన్ తప్పు కాదు. ఇంటర్నెట్లో "ఈ సెట్ అసలు ఫిట్ కాదు" అని రాసేవాళ్లలో ఎక్కువమంది ఆనించి చూడకుండా అతికించినవాళ్లే.

హంటర్ విషయంలో వెన్ను ఇంత ముఖ్యం కావడానికి కారణముంది. 1955లో ఎగిరిన మొదటి రెండు సీట్ల నమూనాలో కానోపీ (కాక్‌పిట్ మీది అద్దపు మూత) వెనక గాలి సుడులు తిరిగి అదురు, హోరు వచ్చాయి. ఎన్నో ఆకారాలు మార్చి చూశాక, కానోపీ వెనక నుంచి వెన్ను మీదికి పోయే ఉబ్బుతో అది కుదిరింది. ఆ ఉబ్బే రెండు సీట్ల హంటర్ ముఖకవళిక. అది అతుకు దగ్గర విరిగినట్టు కనిపిస్తే మిగతాదంతా ఎంత బాగా చేసినా బొమ్మ తప్పే.

అతికించే ఘట్టానికి వద్దాం. ఇక్కడ తొందరపడితే నెల పని పోతుంది. గాజు పలక బల్ల మీద పెట్టండి. రెక్కలు జిగురు లేకుండా తొడిగి, విమానాన్ని మైనంముద్దల మీద నిలబెట్టండి. రెండు రెక్క కొసలు గాజుకి సమాన ఎత్తులో ఉన్నాయో లేదో స్కేలుతో చూడండి. అరాల్డైట్ రెండు ట్యూబులనుంచి సమానంగా కలిపి, అడ్డుగోడ మీద పలచగా పూసి, పిన్ను కన్నంలోకి దించి ముక్కు ఆనించండి. ఇప్పుడు కొత్త చీపురులోంచి తిన్నని ఈనె ఒకటి తీసి ఒక రెక్క కొస నుంచి ఇంకో రెక్క కొస దాకా ఉండే పొడవంత, అంటే 142 మి.మీ. తుంచండి. కాక్‌పిట్ అంచుల మీద అడ్డంగా పడుకోబెట్టండి. విమానం ఎదుటికి వచ్చి, కన్ను గాజు ఎత్తుకి దించి చూడండి. ఈనె రెండు కొసలు, రెక్కల రెండు కొసలు ఒకేలా వాలి ఉన్నాయా? ముక్కు మెలిక తిరిగి ఉంటే ఈనె ఒక పక్క లేచి కనిపిస్తుంది. కాక్‌పిట్ వెడల్పులో పావు మిల్లీమీటరు కంటికి ఆనదు. ఈనె కొసకొచ్చేసరికి అదే మిల్లీమీటరు దాటుతుంది. తర్వాత పై నుంచి చూడండి: తోక నిలువు రెక్క నుంచి ముక్కు కొసకి నల్లదారం లాగి పట్టుకుంటే అది కాక్‌పిట్ నడుమ నుంచి పోవాలి. 60 మి.మీ. ముక్కుకు 1 డిగ్రీ పక్కకి తిరిగితే కొస 1 మి.మీ. జరిగిపోతుంది. మెల్లగా నొక్కి, తిప్పి, మళ్లీ చూసి, మళ్లీ తిప్పాలి. మామూలు అరాల్డైట్ ఎందుకన్నానో ఇప్పుడర్థమై ఉంటుంది. సూపర్‌గ్లూతో ఇందులో ఒక్క అవకాశమే ఉంటుంది, అదీ రెండు క్షణాలు. వైజాగ్, కాకినాడ లాంటి చోట ఉక్కపోత రోజుల్లో ఆ రెండు క్షణాలు కూడా ఉండవు, తేమకి అది మరీ తొందరగా పడుతుంది. సరిగ్గా కుదిరాక టేపు వేసి, రాత్రంతా ముట్టుకోకుండా వదిలేయండి.

ఇక టి.66కి ప్రత్యేకమైనవి. చాలామంది ఇక్కడ పప్పులో కాలేస్తారు. రెజిన్ సెట్లు ఎక్కువగా బ్రిటిష్ టి.7ని దృష్టిలో పెట్టుకుని వస్తాయి. టి.7లో ఉన్నది ఏవన్ 100 తరగతి ఇంజిను, తోక పైపు సన్నది. మన టి.66లో 200 తరగతి ఇంజిను, పెద్ద పైపు. సెట్‌లో సన్న తోక ముక్క వచ్చిందని ఉత్సాహంగా కిట్ తోక కోసేయకండి. ఎఫ్‌జీఏ.9 తోకే మీకు కావాల్సింది. ఫిరంగుల్లోనూ తేడా ఉంది. టి.7లో కుడివైపు ఒక్కటే 30 మి.మీ. ఏడెన్, టి.66లో రెండు. ఎడమవైపు రంధ్రం మీరే తొలుచుకోవాలి. లోపల సీట్లు పక్కపక్కన, విద్యార్థి ఎడమ, బోధకుడు కుడి. కిట్‌లో వచ్చిన ఒంటి సీటుని ఇంకోదాంతో జత చేయకండి, రెండూ సెట్‌లోవే వాడండి. ఢిల్లీ పాలం మ్యూజియంలో ఉన్న హంటర్ ఒంటి సీటుది, ముక్కు వివరాలకు అది పనికిరాదు. మీరు చేయబోయే నంబరు విమానం ఫొటో సంపాదించాకే మొదలుపెట్టండి.

కాక్‌పిట్ తొట్టి విడిగా వచ్చే సెట్లయితే తొట్టి, ముక్కు గోడ రెండూ లోపల నుంచి పలచన చేయాలి. దీపానికి ఎదురుగా పట్టుకుంటే వెలుగు కనపడేంత పలచన. ఒకే గోడని రెండింతలు అరగదీస్తే కన్నం పడుతుంది.

బరువు గురించి కిట్ కాగితం ముక్కులో సీసం పెట్టమంటుంది. రెజిన్ ముక్కు నిండుగా పోసి ఉంటే ఆ అవసరమే లేదు, అసలు ఇబ్బంది దానికి తిరగబడి ఉంటుంది. ముందు చక్రం కాలు ఆ బరువుకి కొన్ని నెలల్లో విల్లులా వంగుతుంది. కాలికి 0.5 మి.మీ. డ్రిల్లుతో నిలువునా కన్నం పెట్టి గిటారు తీగ ముక్క దించండి.

కానోపీ పల్చటి షీటుతో లాగిన రకమైతే లోపల మైనం నింపి, కొత్త బ్లేడుతో పది పదిహేను తేలిక గాట్లలో కోయండి. అతికించడానికి ఫెవికాల్. సూపర్‌గ్లూ ఆవిరికి అద్దం తెల్లటి పొగ పట్టిపోతుంది.

ఖర్చు విషయం అడగలేదు గానీ చెప్తా. స్కేల్ మోడళ్లు కస్టమ్స్ దృష్టిలో ఆటబొమ్మలే. 2020 బడ్జెట్లో ఆటబొమ్మల మీద సుంకం 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెంచారు. దేశీయ బొమ్మల తయారీని పెంచడానికట. టి.66 రెజిన్ ముక్కు ఇక్కడ పోసేదెవరో కూడా చెప్తే బాగుండేది. ఇంత పోసి తెప్పించుకున్నాక మొదటి కోతలోనే పాడుచేసుకోకండి. మొదటిసారివాళ్లకు కుదురుతుందా అన్నారుగా: ఇదివరకు మామూలు కిట్లు నాలుగైదు చేసి, అతుకులు కనపడకుండా అరగదీయడం వచ్చి ఉంటే కుదురుతుంది. రాకపోతే ముందు ఏదైనా చవక కిట్ కొని, దాని బాడీని రెండు ముక్కలు కోసి మళ్లీ అతికించి చూడండి.

రంగు వేసేముందు ప్రైమర్ తప్పనిసరి. ప్లాస్టిక్, రెజిన్, సూపర్‌గ్లూ మూడూ మూడు రకాలుగా పీల్చుకుంటాయి కాబట్టి ప్రైమర్ లేకపోతే అతుకు చుట్టూ వడ్డాణంలా కనిపిస్తుంది. వానాకాలంలో లాకర్ రంగు కొడితే తెల్లగా మసకబారుతుంది, పొడి రోజు చూసుకోండి. గుండ్రటి గుర్తులో కాషాయం బయట, పచ్చ లోపల. సెట్‌తో వచ్చే డెకాల్స్‌లో (విమానం మీద అంటించే అచ్చు గుర్తులు) కాషాయం ఒక్కోసారి ఎర్రగా అచ్చవుతుంది, ఫొటోతో పోల్చి అంటించండి.

కోసి తీసేసిన ఒంటి సీటు ముక్కుని పారేయకండి. కొత్త ప్రైమర్, ఎయిర్‌బ్రష్ ఒత్తిడి, టేపు లాగితే రంగు ఊడుతుందా లేదా, అన్నీ ముందు దాని మీద చూసుకోవచ్చు.